పార్కుకు తాళం, చెట్టుకు రంపం

*శివారు కాలనీల్లో నీడ ఎటు పోతోంది?*

మే నెల, పొద్దున పదిన్నర. హైదరాబాద్ తూర్పు శివారులో విజయవాడ హైవే నుంచి కిలోమీటరు లోపలికి వెళ్తే ఓ కాలనీ. రెండో లైను మలుపులో నిద్రగన్నేరు చెట్టు, దాని కింద ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె చీర మీద సర్రున జారుతోంది. బండి ఆయన భార్య మూటలు విప్పి, ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి వేరు చేస్తోంది. బండి చక్రం పక్కన నీళ్ల బాటిల్, పాత రేడియో, నిద్రపోతున్న కుక్క.

నిచ్చెన వేసుకుని నలుగురొచ్చారు. ఒకరి చేతిలో పొడవాటి వెదురు గెడకు కట్టిన కొక్కెం కత్తి, ఇంకొకరి చేతిలో పెట్రోలు రంపం. "బండి జరుపన్నా, ఎల్‌సీ తీసుకున్నం. అర్ధగంటే టైముంది" అన్నాడు మేస్త్రీ. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. కరెంటు ఆపినంత సేపట్లో వైర్లకు తగిలే కొమ్మలన్నీ పడగొట్టాలి. అర్ధగంటలో ఏ కొమ్మ కొట్టాలి, ఏది ఉంచాలని చూసుకుంటూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. రోడ్డు వైపు సగం చెట్టు పోయింది. ఇంటి వైపు సగాన్ని ఆ ఇంటాయనే అడిగి కొట్టించుకున్నారు. ఆకులు రాలి సంపు మూత మీద పడుతున్నాయట, కారు మీద పిట్టలు రెట్టలు వేస్తున్నాయట.

పదకొండున్నరకల్లా మొండెం మిగిలింది. ఇస్త్రీ పెట్టె చల్లారిపోయింది. "పదేండ్ల సంది ఈడనే సార్. మా షాపు ఈ చెట్టే" అన్నాడాయన, బండిని ఎటు తోయాలో తోచక నిలబడి.

శివారు కాలనీల్లో ఇలాంటి షాపులు ఎన్నో. వేప కింద చెప్పులు కుట్టే పెద్దాయన, రావి కింద గోడకు అద్దం తగిలించిన మంగలి, కానుగ కింద కొబ్బరి బోండాల బండి, మధ్యాహ్నం ఆర్డర్ల కోసం బండి మీదే వాలి కళ్లు మూసుకునే డెలివరీ కుర్రాడు. వీళ్లెవరూ అద్దె కట్టరు. చెట్టు పోయిన రోజు వీళ్లు ఖాళీ చేయాల్సి వస్తుంది, నోటీసు కూడా ఉండదు.

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో సుమారు వంద ఎకరాల చెట్లను జేసీబీలు కూల్చినప్పుడు దేశమంతా మాట్లాడింది. ఆ ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి పనులు ఆపించింది. 400 గజాల పార్కు పోతే మాత్రం కాలనీ వాట్సాప్ గ్రూపులో కూడా నాలుగు మెసేజీలు దాటవు. రెండు గుడ్ మార్నింగ్ బొమ్మల కింద అవీ మునిగిపోతాయి.

ఒంటిగంటకు పార్కు ముందు

అదే కాలనీలో పార్కు ఉంది. ఉన్నట్టా లేనట్టా అన్నది మీరు ఏ వేళకు వెళ్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. బోర్డు మీద వేళలు: ఉదయం 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8. మిగతా సమయమంతా గేటుకు తాళం.

ఒంటిగంటకు ఆ గేటు ముందు మెట్ల మీద ఇద్దరు పనివాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పారు. పొద్దున మూడిళ్లలో పని చేసి వచ్చారు, మూడింటికి ఇంకో రెండిళ్లకు వెళ్లాలి. సొంతింటికి పోయి రావాలంటే ఆటోకి ముప్పై రూపాయలు. "లోపల బెంచీలున్నయ్, చెట్టుంది, నల్లా ఉంది. మాకేమో తాళం ఉంది" అని నవ్వింది అందులో పెద్దావిడ. వాళ్లు కూర్చున్న మెట్టుకు, లోపలి బాదం చెట్టు నీడకు మధ్య దూరం పదడుగులు. గ్రిల్లు సందుల్లోంచి నీడ కొంచెం బయటికి జారి, మధ్యాహ్నం దాటాక మెట్ల దాకా వస్తుందట. దాని కోసం కాచుకుని ఉంటారు.

సంఘం కార్యదర్శిని అడిగితే ఆయన బాధ ఆయనది. "తాళం తీస్తే సీసాలు ఏరుకోలేక చస్తున్నం. జంటలొస్తయ్, మా లేడీస్ కంప్లైంట్ చేస్తరు. వాచ్‌మెన్ జీతానికే నెలనెలా ఇల్లిల్లూ తిరిగి వసూలు చేస్తున్న, సగం మంది తలుపు తియ్యరు" అన్నారు. అబద్ధమేమీ కాదు. కాలనీలో ఉచితంగా ఊడిగం చేసే ఆ ఒక్క మనిషిని తిట్టడం తేలిక, ఆయన కుర్చీలో కూర్చోమంటే ఎవరూ రారు. కానీ ఆయన తాళం వేసిన వేళల్లో ఎండ ఎక్కువ, ఆ ఎండలో బయట తిరగక తప్పని వాళ్లకే నీడ ఎక్కువ అవసరం. పొద్దున అయిదింటికి నడకకు వచ్చేవారి ఇంట్లో ఏసీ ఉంటుంది.

లోపల ఏముందంటే: సిమెంటు ఇటుకల నడక దారి, అడుగు పెట్టొద్దని బోర్డున్న పచ్చిక, రెండేళ్లుగా ఎండిన ఫౌంటెన్, నాలుగు కసరత్తు యంత్రాలు, 'బంతి ఆడరాదు' అన్న హెచ్చరిక, రాత్రి వెలిగే 'ఐ లవ్' అక్షరాలు. ఆ అక్షరాల ఖర్చుతో ఎన్ని వేప మొక్కలు పెంచొచ్చో లెక్క వేయబోయి ఊరుకున్నాను. పచ్చిక సంగతి మరీ విడ్డూరం. వేసవిలో బోరు ఎండి ఇళ్లకు ట్యాంకర్లు వస్తుంటే, ఎవరూ కూర్చోకూడని గడ్డికి రోజూ తడి పెట్టాలి. చెట్టుకు వేళ్లూనుకునే దాకా రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే చాలు. కానీ చెట్టు ప్రారంభోత్సవం నాటి ఫొటోలో కనిపించదు, పచ్చిక కనిపిస్తుంది.

> బోర్డుల మీద మిగిలిన చెట్లు
> సిటీ బస్సు బోర్డులు చదవండి. హైదరాబాద్‌లో చింతలకుంట, ఇమ్లీబన్ (ఇమ్లీ అంటే చింత), నింబోలి అడ్డ (నింబోలి అంటే వేపకాయ). విశాఖలో మర్రిపాలెం, వేపగుంట, తాటిచెట్లపాలెం. తాటిచెట్లపాలెంలో దిగి తాటిచెట్టు ఎక్కడని అడిగి చూడండి!
> హైదరాబాద్ వనస్థలిపురానికి మాత్రం పేరుకు తగ్గ పొరుగు మిగిలింది. ఒకప్పటి నిజాం వేట మైదానం, 1975లో మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా మహావీర్ హరిణ వనస్థలి అయింది. 3,600 ఎకరాలకు పైగా ఉన్న ఆ అడవిలో కృష్ణజింకలున్నాయి. హైవే మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎడమకో కుడికో ఆ గోడ కనిపిస్తుంది.

బై నంబరు మహిమ

తాళం వేసిన పార్కు కనీసం ఉంది. అసలు లేకుండా పోయిన వాటి కథ లేఅవుట్ కాగితంతో మొదలవుతుంది.

లేఅవుట్ వేసేవారు రోడ్లు పోగా స్థలంలో పదోవంతు ఖాళీగా వదిలి, దాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా రాసివ్వాలన్నది నిబంధన. ప్లాట్లు అమ్మేటప్పుడు బ్రోచర్‌లో ఆ ముక్క ఆకుపచ్చగా మెరుస్తుంది. 'పార్కు ఫేసింగ్' అని గజానికి కొంత ఎక్కువే తీసుకుంటారు. ఎనభైల్లో, తొంభైల్లో నగర శివారులో పుట్టుకొచ్చిన గ్రామపంచాయతీ లేఅవుట్లలో చాలా వాటికి ఆ గిఫ్ట్ డీడ్ జరగనే లేదు. కాగితం మీద పార్కు, రికార్డుల్లో మాత్రం పాత పట్టాదారు పేరు.

పదిహేనేళ్లు గడుస్తాయి. గజం వందల్లో ఉన్న చోట వేలకు, ఆపై లక్షకు చేరుతుంది. పట్టాదారు పోయి కొడుకులొస్తారు. 'సవరించిన లేఅవుట్' ఒకటి పుడుతుంది. 45వ ప్లాటు పక్కన 45/ఏ, 45/బి అంటూ బై నంబర్లు మొలుస్తాయి. ఓ ఆదివారం రాత్రి కడీలు పాతుతారు, సోమవారానికి రేకుల గది లేస్తుంది. దానికి ఇంటి నంబరు, కరెంటు మీటరు వచ్చాయంటే పార్కు చరిత్రలో కలిసినట్టే. ఇంకో దారి ఉంది, అది మరీ మర్యాదైనది: ముందు వాటర్ ట్యాంకు, తర్వాత కమ్యూనిటీ హాలు, ఆ మూల చిన్న గుడి, ఈ మూల సంఘం ఆఫీసు. అన్నీ ప్రజల కోసమే. చివరికి పిల్లలు ఆడుకునేందుకు హాలు చుట్టూ మూడడుగుల సందు మిగులుతుంది. కబ్జాదారు మీద కేసు పెట్టొచ్చు. మనమే కలిసి కట్టుకున్న హాలు మీద ఎవరు పెడతారు?

హైడ్రా వచ్చాక ఈ పాత కాగితాలు బీరువాల్లోంచి బయటికొచ్చాయి. 2024 జులైలో ఏర్పడిన ఈ సంస్థ పేరు జనం నోట్లో చెరువుల కూల్చివేతలతో నానింది గానీ, అవుటర్ రింగు రోడ్డు దాకా పార్కులు, లేఅవుట్ ఖాళీ స్థలాల రక్షణ కూడా దాని పనే. సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి జిరాక్సు కట్టలతో వచ్చేవారిలో రిటైరైన ఉద్యోగులు ఎక్కువ కనిపిస్తారు. ముప్పై ఏళ్ల కింద కొన్నప్పటి లేఅవుట్ కాపీని ప్లాస్టిక్ కవర్లో మడత చిరగకుండా దాచిన మనుషులు. కోర్టుల చుట్టూ తిరిగిన వాళ్లు, తిరిగి మానేసిన వాళ్లు.

అవతలి వైపూ మనుషులే ఉన్నారు. బై నంబరు ప్లాటును అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బుతో, రిజిస్ట్రేషన్ జరిగిందన్న ధైర్యంతో కొన్నవాళ్లు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముద్ర పడింది, బ్యాంకు లోను ఇచ్చింది, మున్సిపాలిటీ పన్ను కట్టించుకుంది. కూల్చే రోజున మాత్రం తప్పు వాళ్లదొక్కరిదే అవుతుంది. బై నంబరు సృష్టించిన మనిషి అప్పటికి ఇంకో శివారులో ఇంకో బ్రోచర్ అచ్చు వేయిస్తుంటాడు.

> డబ్బు కడితే పార్కు వస్తుందా?
> అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లను క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్‌కు 2020లో తెలంగాణలో సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం 'ఓపెన్ స్పేస్' రుసుము కట్టాలి. కట్టిన వాళ్ల ప్లాటు సక్రమం అయింది. ఆ వీధికి పార్కు మాత్రం రాలేదు. అందరూ ఇళ్లు కట్టేశాక స్థలం ఎక్కడుంది?

అయిదు కత్తులు

పార్కుకైనా సర్వే నంబరు ఉంటుంది. వీధి చెట్టుకు అదీ లేదు. కరెంటు వాళ్లది కాదు, మున్సిపాలిటీది అవునో కాదో తెలియదు, ఎదురింటి వారిది అసలే కాదు. ఎవరిదీ కాదు కాబట్టి అందరూ తలా ఓ వేటు వేస్తారు.

కరెంటు రంపం సంగతి చూశాం. అది కనిపించే కత్తి. కనిపించనిది డ్రైనేజీ గొయ్యి. చెట్టుకు రెండడుగుల పక్క నుంచి పైపులైను తవ్వితే ఆ వైపు వేళ్లన్నీ తెగుతాయి. పైన ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ పైన సీసీ రోడ్డు వచ్చి చెట్టు మొదలు దాకా, ఒక్కోసారి మానును కరుచుకుని మరీ సిమెంటు పోస్తారు. వాన నీరు దిగదు, వేళ్లకు ఊపిరి అందదు. ఓ పక్క కొమ్మలు వైర్ల కోసం పోయి, ఓ పక్క వేళ్లు పైపు కోసం పోయి, ఒంటి కాలి మీద నిలబడ్డ ఆ చెట్టు ఏప్రిల్ ఈదురుగాలికి పడి కింద ఉన్న ఆటోను చితక్కొడుతుంది. మర్నాడు పేపర్లో 'నేలకూలిన వృక్షం' అని వస్తుంది. కూల్చిన చేతుల జాబితా రాదు.

చెట్ల చుట్టూ కనీసం మీటరు మేర సిమెంటు లేకుండా చూడాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ కేసులో ఆదేశించింది. మన వీధిలో ఒకసారి వంగి చూడండి.

నాలుగోది ట్రీగార్డు. దాత పేరుతో పెట్టిన ఇనుప బోను. మొక్క మానైనా దాన్ని తీసేవాళ్లుండరు. బెరడు ఇనుమును మింగుతూ పోతుంది, దాత పేరు సగం చెట్టు లోపల, సగం బయట.

అయిదోది మన చెయ్యే. ఆకులు రాలుతున్నాయని, వాస్తుకు అడ్డమని, షాపు బోర్డు కనపడటం లేదని. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. దాన్ని తప్పించుకునే వాళ్ల తెలివికి దండం పెట్టాలి. చెట్టు మొదలులో రోజూ వేడి నీళ్లు, కొంచెం యాసిడ్. 'అదే ఎండిపోయింది సార్, పడిపోతే ప్రమాదం కదా' అని దరఖాస్తు!

2021లో వేపచెట్లు ఉన్నట్టుండి కొసల నుంచి మాడిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొమ్మల ఎండు తెగులు. కరోనా రోజులు కావడంతో జనం హడలిపోయారు. చాలా చెట్లు ఆ తర్వాత మళ్లీ చిగురించాయి. చచ్చిందని తొందరపడి కొట్టేసిన వాటి సంగతి వేరు. వేప ఓపిక పట్టింది గానీ మనం పట్టలేకపోయాం.

పశువు ముట్టని మొక్క

నాటడం లేదని ఎవరూ అనలేరు. 2015 జులైలో మొదలైన హరితహారం లక్ష్యం తెలంగాణ అంతటా 230 కోట్ల మొక్కలు. 2019 నాటి మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికే కేటాయించాలంది, నాటిన వాటిలో 85 శాతం బతకాలంది. ఇబ్బంది ఎక్కడంటే, 85 శాతం బతకాలన్న లెక్క మెడ మీద కూర్చున్నప్పుడు ఏ ఉద్యోగైనా చావని మొక్కనే వెతుకుతాడు. పశువులు ముట్టవు, నీళ్లు తక్కువైనా నిగనిగలాడుతుంది, ఏడాదికే గోడలా లేస్తుంది: కోనోకార్పస్. డివైడర్ల మీద, కాలనీ గోడల వెంట అదే. తీరా అది ఎడారి తీరాల మొక్క అని, వేళ్లు పైపుల్లోకి చొరబడతాయని, పుప్పొడితో శ్వాస ఇబ్బందులని గొడవ లేచి, 2022లో తెలంగాణ దాన్ని నాటొద్దంది.

విశాఖ వాసులకు ఇలాంటి కథే ఇంకోటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద విరుచుకుపడింది. తెల్లారి తలుపు తీస్తే వీధి గుర్తుపట్టలేనంత వెలుగు. ఎంవీపీ కాలనీలోనైనా, గాజువాకలోనైనా అప్పటి సంగతి చెప్పేవారు ముందు చెప్పేది ఇదే: ఇంట్లోకి ఎండ వచ్చింది. కైలాసగిరి, కంబాలకొండ బోడిగుండ్లయ్యాయి. పోయిన పచ్చదనాన్ని తొందరగా తెచ్చుకోవాలన్న ఆరాటంలో వీధుల్లో ఏడాకుల పాల విరివిగా నాటారు. త్వరగా ఎదుగుతుంది, గొడుగులా నీడ పడుతుంది. అయితే అక్టోబరు, నవంబరు రాత్రుల్లో అది పూస్తుంది. ఒక చెట్టయితే పరిమళమే. వీధికి వంద ఒకేసారి పూస్తే? తలనొప్పి, తుమ్ములు, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి బిగుసుకుపోవడం. నరికేయమని ఒక వర్గం, తుపాను తర్వాత పెంచుకున్న నీడను ముట్టనివ్వమని ఇంకో వర్గం. పాపం ఆ చెట్టుకు గౌరవమైన గతం ఉంది. దీని చెక్కతో పలకలు చేసేవారని శాస్త్రీయనామంలో 'స్కాలరిస్' అని చేర్చారు. శాంతినికేతన్‌లో స్నాతకోత్సవం నాడు పట్టభద్రుల చేతికిచ్చేది ఈ ఆకులనే. తప్పు చెట్టుది కాదు, వీధంతా ఒకే చెట్టు నాటిన మనది.

మన ముందటి తరం రోడ్ల పక్క వేప, చింత, కానుగ, నేరేడు, రావి కలిపి నాటింది. ఒకటి రాల్చే నెలలో ఇంకోటి చిగురిస్తుంది. ఎదగడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అంటే నాటిన నాయకుడి పదవీకాలం నాలుగుసార్లు ముగియాలి.

> చింతకొమ్మ మీద రాత్రి
> 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు, అఫ్జల్‌గంజ్ దగ్గర తోటలోని ఓ చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఇప్పుడా తోట ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ. చెట్టు ఇంకా ఉంది. దాని కింద రోగుల బంధువులు భోజనాలు చేస్తుంటారు.

జిరాక్సు కాగితం బలం

పార్కు దక్కిన చోట్ల కథ విన్నప్పుడల్లా రెండే కనిపించాయి. ముందే కాగితం దగ్గర పెట్టుకున్న వాళ్లుండటం, ఆ స్థలంలో రోజూ ఎవరో ఒకరు తిరగడం. కాగితం ఉండి మనుషులు తిరగని స్థలం పోయింది. నగర అంచున ఓ కాలనీలో, కోర్టు కేసు నడుస్తున్న పదకొండేళ్లూ ఆడవాళ్లు ఆ ఖాళీ స్థలంలోనే బతుకమ్మ ఆడారు. కబ్జాదారు మనుషులు కడీలు పాతిన ఏడాది కూడా కడీల మధ్యనే ఆడారట. "మగాళ్లు ఫైళ్లు పట్టుకుని తిరిగిండ్రు, మేం పూలు పట్టుకుని తిరిగినం" అంది అక్కడి ఓ పెద్దావిడ. ఇప్పుడక్కడ రెండు ఉయ్యాలలు, పది వేపలు, ఓ చిన్న గట్టు. గేటు ఉంది. తాళం కొనడం ఎవరికీ గుర్తు రాలేదు.

> మీ కాలనీ పార్కు నిజంగా ఉందా?
> ఆమోదించిన లేఅవుట్ నకలు హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ నుంచి తీసుకోండి. ఖాళీ స్థలానికి గిఫ్ట్ డీడ్ జరిగిందో లేదో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో చూడండి. జరగకపోతే ముందు ఆ పని.
> 'పార్కు కన్నా ఆసుపత్రి మేలు కదా' అంటారా? బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే అక్కడివారు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కుకని వదిలిన స్థలం మీద ప్రభుత్వానికీ ఇష్టారాజ్యం లేదని చెప్పిన ఆ తీర్పును ఇప్పటికీ పార్కు కేసుల్లో ముందు పెడతారు.

జూన్ మొదటి వారంలో మళ్లీ ఆ రెండో లైనుకు వెళ్లాను. వానలు ఇంకా రాలేదు. నిద్రగన్నేరు మొండెం మీద అక్కడక్కడ చిగురు, వేలెడంత. ఇస్త్రీ బండి అక్కడ లేదు. లైను చివర, ఎవరో ఎప్పుడో నాటిన కానుగ కింద కనిపించింది. ఆ వీధిలో మిగిలిన నీడ అదొక్కటే. బండి, దాని వెనక మూటలు, పక్కన డెలివరీ కుర్రాడి బైకు, ఆ కుక్క. వీటన్నిటినీ ఓ మూలకు నెట్టి నీడలో ముప్పావు వంతు ఆక్రమించి ఓ తెల్ల కారు.

చెట్టు కొట్టించుకున్న ఇంటాయనదే ఆ కారు. ఆయన ఇంటి ముందు ఎండకు సీట్లు కాలిపోతున్నాయట.

ఇస్త్రీ ఆయన చెంబుతో నీళ్లు చల్లి చీర మడత సరిచేస్తూ, కారు దిగి తాళం వేస్తున్న ఆయన్ని అడిగాడు: "సార్, జర ముందల్కి పెట్టుకుంటరా? పెట్టె మీద ఎండ పడ్తాంది."

ఆయన పైకి చూశారు, కొమ్మలు ఎక్కడిదాకా ఉన్నాయో లెక్కగట్టారు. మళ్లీ ఎక్కి, కారును రెండడుగులు ముందుకు జరిపారు. బానెట్ ఎండలోకి వెళ్లింది. దిగి, చొక్కా పొత్తికడుపు దగ్గర పట్టి విసురుకుంటూ అడిగారు: "ఈ కొమ్మలు కూడా కొడ్తరంటావా?"

"వైర్లు దీని మీద నుంచే పోయినయ్ సార్."

ఇద్దరూ తలెత్తి చూస్తూ నిలబడ్డారు.